పీకేసిన మల్లె కోసం జమ్మలమడుగు దాకా

జమ్మలమడుగు వెళ్తున్నానని చెప్పగానే మా చెల్లెలు గండికోట ఫొటోలు పంపమంది. పక్కింటావిడేమో ప్రొద్దుటూరులో బంగారానికి తరుగు తక్కువట, కనుక్కుని రమ్మంది. నాలుగు రోజుల తర్వాత తెనాలిలో దిగేటప్పటికి నా దగ్గర ఫొటోలూ లేవు, బంగారం కబురూ లేదు. గోళ్ల కింద ఎర్రమట్టి మాత్రం ఉంది. అది వారం దాకా వదల్లేదు.

నా ఉద్యోగం మొక్కజొన్నలో కొత్త రకాలు తయారు చేయడం. తొమ్మిదేళ్లుగా నా పగంతా ఒక కలుపు మొక్క మీద. మేం జొన్నమల్లె అని రాసుకుంటాం, అక్కడి రైతులు ఉత్త మల్లె అంటారు. పేరు విని మోసపోకండి. జానెడెత్తు మొక్క, చిన్న చిన్న తెల్లపూలు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ తన కూడు తాను సంపాదించుకోదు. నేల లోపల జొన్న వేరుకో మొక్కజొన్న వేరుకో అంటుకుని రసం లాగేస్తుంది. అది పైకి కనబడేసరికి కింద చేయాల్సిన నష్టమంతా చేసేసి ఉంటుంది. దాని గింజలు దుమ్ములా ఉంటాయి. ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి, పక్కకి మొక్కజొన్న వేరు వచ్చిందని తెలిసినప్పుడే మొలుస్తాయి.

దాన్ని వేరుకు అంటనివ్వని మొక్కజొన్న కావాలి. నేను వెతుకుతున్నది అదే. కుండీల్లో బాగా నిలబడ్డ ఇరవై రకాలను ఈ ఖరీఫ్‌లో మొదటిసారి అసలైన చేనులో, జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో మల్లె బాగా పట్టిన నేలలో విత్తాం. రకానికో పొడుగాటి సాలు, సాలు మొదట్లో అంకె వేసిన కొయ్య. ఏ సాలులో ఎన్ని మల్లె మొక్కలు లేచాయో లెక్కపెట్టి, పీకి, ఎండబెట్టి తూచాలి. ఒక్క రకమైనా నిలబడిందని చూపిస్తే మా పథకాన్ని ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేకపోతే అక్కడితో సరి, తొమ్మిదేళ్ల పని బీరువాలోకి పోతుంది. లెక్కతో సహా నాలుగో రోజున నేను పులివెందులలో మా ఆఫీసు పెద్దాయన ముందు కూర్చోవాలి.

ప్రొద్దుటూరు: ఎర్రకారం, తెల్లగుడ్డ

పొద్దున్నే ఆకలి మీద ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. దోశ మీద ఎర్రకారం, దాని మీద పప్పుల పొడి, పక్కన చెనిక్కాయల చట్నీ, అంటే మన వేరుశనగ చట్నీయే. ముప్పై ఐదు రూపాయలు. మా తెనాలిలో అల్లం చట్నీ లేనిదే దోశ గొంతు దిగదు. ఇక్కడ అల్లం పేరెత్తితే వడ్డించే ఆయన వింతగా చూశాడు.

"కారం రోంత తగ్గిచ్చమంటారా మేడమ్?"

"గుంటూరు జిల్లా దాన్నయ్యా నేను. మాకు కారం చెప్తావా?"

రెండో ముక్కకే కళ్లు కారాయి. ఆయన మజ్జిగ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లాడు. దానికి డబ్బులు కూడా వేయలేదు. గొప్పలకు పోయే వాళ్లను రోజూ చూస్తుంటాడు కాబోలు.

ఆ ఊరి బజారు గురించి విన్నది నిజమే. బంగారం కొట్టు, దాని పక్కన బట్టల కొట్టు, దాని పక్కన మళ్లీ బంగారం కొట్టు. మల్లెను వేసుకోవడానికి పల్చటి గుడ్డసంచులు కావాలి నాకు. ఒక బట్టల కొట్టులోకి వెళ్లి గాజుగుడ్డ లాంటిది ఆరు మీటర్లు అడిగాను. గల్లా దగ్గర కూర్చున్న శెట్టిగారు కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని చూశారు.

"పట్టుచీరలు చూపిస్తామంటే వద్దంటిరి. ఈ గుడ్డ ఏం చేసుకుంటారమ్మా?"

"సంచులు. కలుపు మొక్కలు వేయడానికి."

"కలుపు సంచిలో ఏసుకోని?"

"ఎండబెట్టి తూకం వేస్తాను."

ఆయన కొట్టులో అందరికీ వినబడేలా నవ్వారు. "మా వీధంతా బంగారం తూస్తాండారు, మీరు కలుపు తూస్తాండారు. బాగుండాది! పెండ్లికి గాకుండా కలుపుకు గుడ్డ కొనే మనిషిని ఇప్పుడే చూస్తాండా." అలా అంటూనే అరుగు మీది దర్జీని పిలిచి, సాయంత్రానికల్లా ఇరవై సంచులు కుట్టించి పెట్టారు. ప్రతి సంచికీ మూతి దగ్గర బిగించే తాడు కూడా పెట్టించారు. నేను అడగనే లేదు.

జమ్మలమడుగు: అద్దంలాంటి చేను

చేను ఓబులేసుది. అతను కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు, షిఫ్టులు చూసుకుని ఇంటికి వస్తుంటాడు. సేద్యమంతా వాళ్లమ్మ నారాయణమ్మగారిదే. డెబ్బై దాటిన మనిషి, నడకలో నన్ను వెనకేసింది. కలుపు పీకొద్దని ఓబులేసుకు విత్తిన రోజునే చెప్పాను, వారం కిందట ఫోన్ చేసి మళ్లీ చెప్పాను.

దారి పక్కనే చేను. మొక్కజొన్న భుజాలెత్తు దాటింది, పొత్తులు పాలు పట్టే దశ. నేను గబగబా సాళ్లలోకి దిగాను. మొదటి సాలు చివరిదాకా నడిచాను. రెండో సాలు. మూడో సాలు. ఒక్క మల్లె మొక్క లేదు. గరిక పోచ కూడా లేదు. ఎర్రటి గరుసు నేల ఊడ్చిన వాకిలిలా ఉంది.

వెనక నుంచి నారాయణమ్మగారి గొంతు. "ఎట్లుండాది మేడమ్ చేను? నిన్న పొద్దుగూకేలోపల అంతా పీకిచ్చినా. పదిమంది ఆడోళ్లను పెట్టినా."

నా నోరు ఆగలేదు.

"పీకొద్దని చెప్పాను కదమ్మా! రెండుసార్లు చెప్పాను! మీ అబ్బాయి చెప్పలేదా?"

"చెప్పినాడు. వాని మాట ఎవరింటారు? కలుపు పీకొద్దనే ఆపీసరు యాడన్నా ఉంటాదా? మీరొచ్చి చూసే చేన్లో మల్లె పెట్టుకోని నిలబడల్లనా నేను?"

"ఆ మల్లె కోసమే వచ్చాను నేను!"

ఆవిడ నా మొహం వైపు చూసి, ఇది మతి ఉన్న మనిషి మాటేనా అన్నట్టు నిలబడిపోయింది. మా వైపు రైతులు ఆఫీసువాళ్లు వస్తున్నారంటే గట్టు మీద కుర్చీ వేసి, కొబ్బరిబోండాం కొట్టిస్తారు. కలుపు సంగతి ఎవరికీ పట్టదు. ఇక్కడ మర్యాదంటే చేను శుభ్రం చేయడం. ఆ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. పీకిన మల్లె ఎక్కడని అరిచాను. గింజ రాలకూడదని కుప్పేసి కాల్చేశానని చెప్పింది. ఏ మంచి రైతైనా చేసే పని అదే. నేను ఏళ్ల తరబడి సభల్లో రైతులకు చెప్తున్నదీ అదే.

గట్టు మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. తొమ్మిదేళ్లు నిన్న సాయంత్రం ఒక మంటలో కాలిపోయాయని అనిపించింది. అరిచినందుకు సిగ్గూ వేసింది.

నారాయణమ్మగారు ఒక ప్లేటు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. రాగిసంగటి, ఊరిబిండి. ఊరిబిండి అంటే చెనిక్కాయలు, ఎండుమిర్చి దంచి చేసే పచ్చడి. "తిట్టింది చాలు. తిను పాపా," అంది. యాభై రెండేళ్ల నన్ను పాపా అన్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. తిన్నాను.

గట్టు మీద ఒక తగాదా

తింటుండగా కలుపు తీసిన ఆడవాళ్లు పక్క చేనుకు పోతూ ఆగారు. వాళ్ల పెద్ద రూతమ్మ. జమ్మలమడుగు చర్చిలో ఆదివారం పాటలు మొదలుపెట్టేది ఆమేనట, గొంతు అలాగే ఖంగున ఉంది. సంగతి విని ఆమె అన్న మాట ఇది.

"దానికెందుకు ఏడ్చేది మేడమ్? మల్లె పైన పీకితే తెగుతాది, మొదులు వేర్నే పట్టుకోని ఉంటాది. పదైదు దినాలకు మళ్లా లేస్తాది. మాకు తెలీదా?"

చేతిలో సంగటి ముద్ద అలాగే ఆగిపోయింది. మల్లె పైకి లేచిందాకా ఎందుకు చూడాలి? అది అంటుకునేది వేరుకు. వేరునే తవ్వి చూస్తే సరి. ఈ విషయం నేను మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు పాఠం చెప్తాను. అయినా పొద్దున్నుంచి నాకు తట్టలేదు.

అంతలో వాళ్లలో వాళ్లకు తగాదా మొదలైంది. రూతమ్మ కోడలు రాహేలు నిన్న అందరికంటే ముందు తన సాలు ముగించి గట్టెక్కి కూర్చుందట. కలుపు వదిలేసి వచ్చిందని వీళ్లు తిట్టారట.

"నేను యిడిసిపెట్టల్యా," అంది రాహేలు గట్టిగా. "ఆ సాల్లో పీకనీకి ఏముండాది? మా అత్తనే మళ్లా పోయి చూసింది కదా. అడగండి."

"చూస్తి. ఏమీ ల్యా," అని రూతమ్మ ఒప్పుకుంది. "నా సాల్లో అయితే ఒడి రెండుతూర్లు నిండె."

గబుక్కున లేచాను. "ఏ సాలు? ఏ కొయ్య? చూపించండి."

రాహేలు చూపించిన కొయ్య మీద పదిహేడు అని ఉంది. రూతమ్మ ఒడి రెండుసార్లు నింపిన సాలు కొయ్య మీద తొమ్మిది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తొమ్మిదో రకం నా ప్రాణం. దాని తల్లి మొక్కకూ తండ్రి మొక్కకూ నేనే పెళ్లి చేశాను. ఎండలో నిలబడి ఒక్కో పొత్తుకూ కాగితం సంచి తొడిగి, పుప్పొడి నా చేత్తో చల్లాను. ఇంట్లో దాన్ని పెద్దోడు అనే పిలుస్తాం. పదిహేడు కుండీల్లో ఏదో గట్టెక్కితే, ఇరవై అంకె నింపడానికి చేర్చిన రకం. కూలివాళ్ల జ్ఞాపకం లెక్క ఎలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వేళ్లు చెప్పాలి, వేళ్లే చెప్తాయి.

"నారాయణమ్మగారూ, సాలుకు ఆరు మొక్కల చొప్పున తవ్వాలి. పాలకంకులు పోతాయి."

"తొవ్వు. పీకింది నేనే కదా." పార ఆవిడే తెచ్చింది.

మర్నాడంతా తొట్టి దగ్గర

ఇరవై సాళ్లు, సాలుకు ఆరు మొక్కలు. తవ్వి, మట్టిగడ్డతో సహా సంచిలో పెట్టి, మూతి బిగించి, బోరు దగ్గర పశువుల తొట్టికి మోయాలి. నానబెట్టి మెల్లగా కడగాలి. గట్టిగా రుద్దితే మల్లె మొదుళ్లు ఊడిపోతాయి. పసిబిడ్డకు తల రుద్దినట్టు కడగమంటే రూతమ్మకు వెంటనే అర్థమైంది. మా కుర్రాళ్లకు దీన్ని నేర్పడానికి నాకు నెల పట్టేది.

రెండో సంచికే ఒక పొరపాటు చేశాను. కడిగిన వేళ్లను ఆరడానికి గట్టు మీద పెట్టి నీళ్లు తాగి వచ్చేసరికి మేక ఒకటి వచ్చి ఆకులు నములుతోంది. అదృష్టం, వేళ్ల జోలికి పోలేదు. ఆ పూట మేకను తోలే పని నారాయణమ్మగారు తీసుకుంది.

నా చేతిని నేను నమ్మలేదు. పెద్దోడి వేళ్లని తెలిస్తే నా కళ్లు తక్కువ లెక్కపెడతాయి. అందుకని అంకె రాసిన చీటీ మడిచి సంచి లోపల వేసి, సంచులన్నీ కలిపేశాను. రూతమ్మ లెక్క చెప్పాలి, నేను రాయాలి, ఆ తర్వాతే చీటీ విప్పాలి. ఆమెకు ఈ పద్ధతి నచ్చింది. "చీట్లేసినట్లుండాది," అని నవ్వింది.

మొదులంటే మిరప గింజంత తెల్లటి ముద్ద, వేరును పిడికిలితో పట్టుకున్నట్టు ఉంటుంది. దాని మీద తెగిన కాడ. ఒక్కో సంచిలో పది, పదిహేను, ఇరవై. సాయంత్రం నాలుగింటికి పదో పదకొండో సంచి వచ్చింది. రూతమ్మ లెక్కపెడుతూ పోయింది. ముప్పై దాటింది. నలభై దాటింది.

"నలభై ఏడు మేడమ్. ఇది చచ్చిన సాలే."

చీటీ విప్పాను. తొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టమన్నాను. ఆమె మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. నలభై ఏడే. కుండీలో నిలబడ్డ బిడ్డ చేనులో నిలబడలేదు. అయినా పుస్తకంలో అంకె రాసి, "తర్వాతది తీయమ్మా," అన్నాను. అప్పటికి తొమ్మిది సంచులు మిగిలి ఉన్నాయి.

చివరికి ముందు సంచిలో ఆరు మొక్కల వేళ్లకూ కలిపి మూడు మొదుళ్లు. రూతమ్మ వేళ్లను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. చీటీ విప్పకముందే రాహేలు అరిచింది. "అది నా సాలే! చూడండి, నా సాలే!"

పదిహేడే. రాహేలు వాళ్ల అత్తవైపు చూసిన చూపు చూడాల్సిందే.

ముద్దనూరు మీదుగా

పులివెందులకు నేనొక్కదాన్నే బయల్దేరాను. బస్సు ఎక్కబోతుంటే నారాయణమ్మగారు నాకంటే ముందే ఎక్కి కూర్చుని ఉంది. "తప్పు నాది. మీ పెద్దసారు నిన్ను అంటే నేనేం చేసేది? నేనొచ్చి చెప్తా," అంది. దించడానికి చూశాను. కదల్లేదు.

తొమ్మిదో సంచి, పదిహేడో సంచి తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ముద్దనూరు దాటాక పక్కసీటు పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. సంచులు కారి ఆయన తెల్లపంచె మీద ఎర్రమరక. ఎన్ని క్షమాపణలు చెప్పానో లెక్కలేదు. ఆయనకు పంచె కంటే సంచి మీదే ధ్యాస.

"ఏం వేర్లమ్మా అవి? నాటుమందా? నాకు శానా దినాల నుంచి మోకాలు నొప్పి."

"మోకాలికి గాదప్పా, మొక్కజొన్నకు," అంది నారాయణమ్మగారు.

"మొక్కజొన్నకు యాడైనా నొప్పులుంటాయా?"

"ఉండాయి. మా చేన్లో ఉండాయి." ఆ తర్వాత దిగేదాకా మల్లె సంగతంతా ఆయనకు ఆవిడే చెప్పింది. నేను సభల్లో చెప్పేదాని కంటే బాగా చెప్పింది.

పులివెందుల

బస్టాండు దగ్గర ముప్పై రూపాయలకు పెద్ద గ్లాసు నిండా చీనీకాయల రసం ఇచ్చారు. మా వైపు బత్తాయి అంటాం. ఈ రుచి మాత్రం మా వైపు లేదు. నారాయణమ్మగారు సగం తాగి, మిగతాది నాకు తోసింది. "నువ్వు మాట్లాడల్ల కదా, తాగు," అంది.

మా పెద్దాయన మంచివాడే, కానీ కాగితం మనిషి. గదిలో ఐదారుగురున్నారు. నా పట్టిక చేతిలోకి తీసుకుని, "లేచిన మల్లె లెక్క గడి ఖాళీగా ఉందేంటమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా తలుపు దగ్గర నుంచి నారాయణమ్మగారు లేచింది. "పీకింది నేను సార్. ఆయమ్మ వద్దనే చెప్పింది. ఆయమ్మ తప్పు గోరంత ల్యా."

ఆయన ఆవిడకు కుర్చీ వేయించారు. నేను బల్ల మీద గుడ్డ పరిచి రెండు సంచుల వేళ్లూ పక్కపక్కన పెట్టాను. ఆయన వంగి చాలాసేపు చూశారు.

"ఈ శుభ్రంగా ఉన్నది మీ తొమ్మిదేనా?"

"కాదు సార్. అది పదిహేడు. నలభై ఏడు పట్టినది నా తొమ్మిది. దాన్ని తీసేయండి."

ఆ మాట అనడానికి దారి పొడవునా మనసులో చదువుకుంటూనే వచ్చాను. అయినా చాలా బాధ వేసింది, దాచుకోవడానికి ఏమీ లేదు. తీసేసిన రకాల జాబితాలో తొమ్మిది అంకె నా చేత్తోనే రాశాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "పదిహేడుకు ఇంకో ఏడాది ఇస్తాను. కానీ నిబంధన ప్రకారం పైకి లేచిన మల్లె లెక్క కావాల్సిందే. అదే చేను, ఇంకా ఎక్కువ సాళ్లు. లెక్క ముగిసేదాకా ఒక్క మొక్క పీకకూడదు. చేనుగలవాళ్లు ఒప్పుకుని సంతకం పెడితేనే."

అందరం నారాయణమ్మగారి వైపు చూశాం. ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"గింజ రాలకముందు నేనే వచ్చి దగ్గరుండి పీకిస్తాను," అన్నాను. "నేల పాడు కానివ్వను."

"అది గాదు పాపా. దావ పక్క చేను. ఊరంతా ఆ దావనే పోవల్ల. నారాయణమ్మ చేన్లో మల్లె పూసిందంట అంటారు. మా అత్త కాలం నుంచి ఆ మాట పడల్యా మేము."

అది విన్నాక మళ్లీ అడగడం న్యాయం కాదనిపించి, సంతకం కాగితాన్ని నా వైపు లాక్కున్నాను. ఆవిడ ఇంకోసారి బల్ల మీది వేళ్ల వైపు చూసింది. నలభై ఏడు పట్టినవాటిని కాదు, శుభ్రంగా ఉన్నవాటిని. ఒక వేరు తీసి రెండు వేళ్ల మధ్య పెట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమింది.

"వానికి ఫోన్ కలుపు," అంది. ఓబులేసుకు కలిపి ఇచ్చాను. షిఫ్టులో ఉన్నాడు, వెనకాల యంత్రాల హోరు. ఆవిడ ఆ హోరును మించి అరిచింది.

"ఒరే ఓబులేసూ, వచ్చే వానకారుకు మన చేన్లో కలుపు పీకేది ల్యా. ఎవురూ చెయ్యి పెట్టగూడదు. ... ఆఁ, నేనే చెప్తాండా. దావన పోయేటోళ్లు అడిగితే మీ అమ్మకు కండ్లు కనపడల్యా అని చెప్పు."

ఫోన్ నా చేతికిచ్చి, కాగితం దగ్గరికి జరుపుకుని, సంతకం యాడ పెట్టల్ల అని అడిగింది.